అన్నీ వస్తాయి, ఎడ్లు తప్ప

ఇరవయ్యారో ఏట నేను ఉద్యోగ విరమణ చేశాను. మా నాయన దీన్ని "ఉన్న పని పోగొట్టుకొని ఇంట్లో పడుండడం" అంటాడు. ఆయనకు మొదటినుంచీ పెద్ద మాటలు పలకవు. గిద్దలూరులో ఒక టీవీల దుకాణంలో నేను చేసిన సేవలకు గుర్తింపుగా మా ఓనరు చివరిరోజు ఒక గోడగడియారం కూడా బహూకరించాడు. ఎక్స్చేంజి మేళాలో ఎవరో వదిలేసి పోయిన గడియారం అది. నడవదు. శాలువా మాత్రం కప్పలేదు. అప్పుడు మే నెల కాబట్టి దాన్ని ఆయన దయగానే తీసుకున్నాను.

మన వైపు టీవీ దుకాణాల్లో కొత్తగా చేరుతున్న తమ్ముళ్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పెద్దవాళ్లు రిటైరయ్యాక జ్ఞాపకాలు రాస్తూ, తాము లేకపోతే ఆ శాఖే మూతపడేదన్నట్టు చెప్పుకుంటారు. నేను మానేశాక మా దుకాణంలో అమ్మకాలు పెరిగాయని విన్నాను. కాబట్టి మీరు ఏ భయమూ లేకుండా చదవవచ్చు.

ముందు మా పని గురించి కొంచెం. టీవీకి వెనక తగిలిస్తే నెట్‌లోంచి సినిమాలూ సీరియళ్లూ లాక్కొచ్చే చిన్న బాక్సు ఒకటి ఉంటుంది, మీకు తెలిసిందే. దాన్ని అమ్మేటప్పుడు మా ఓనరు నోట ఒకటే మాట: "అన్నీ వస్తాయన్నా." సీరియళ్లు వస్తాయా అంటే అన్నీ వస్తాయి. క్రికెట్టు వస్తుందా అంటే అన్నీ వస్తాయి. చుట్టపుచూపుగా గిద్దలూరు వచ్చిన ముండ్లమూరు ఆసామి ఒకాయన, "మా అమ్మకు భజనలు కావాల, మా ఆడమనిషికి వంటలు కావాల, నాకేమీ వద్దు, ఇద్దరూ కాసేపు గమ్మునుంటే చాలు. వస్తాదా?" అని అడిగాడు. అదీ వస్తుందన్నాడు మా ఓనరు. ఆ మాట అనడం ఆయన పని. రాకపోతే వాళ్లింటికి పోయి తిట్లు తినడం నా పని. దీన్నే మేము ఇన్‌స్టలేషన్ అనేవాళ్లం.

అసలు ఎందుకు రావు అని మీరు అడగవచ్చు. నన్నూ అందరూ అడిగారు. ఒకే యాప్ ఒక కంపెనీ బాక్సులో ఉంటుంది, ఇంకో కంపెనీ బాక్సులో ఉండదు. ఫోనులో ఉంటుంది, టీవీలో ఉండదు. పక్కింటి టీవీలో ఉంటుంది, మన టీవీలో మాత్రం ఉండదు. ఎక్కడో ఇద్దరు కంపెనీవాళ్లకు పడలేదు, అంతే. అన్నదమ్ములు విడిపోయి పెరటి మధ్యలో గోడ కట్టుకున్నప్పుడు బర్రె ఒకవైపు, కుడితితొట్టి ఇంకోవైపు ఉండిపోతాయి చూడండి, ఇది అదే. ఆ తగాదాతో బర్రెకు ఏ సంబంధమూ లేదు. దప్పిక మాత్రం దానిదే.

లేనివాటి సంగతి అట్లా ఉంటే, ఉన్నవాటి సంగతి ఇంకా బాగుంటుంది. మా బాక్సులో చేపలతొట్టి యాప్ ఉండేది. నిద్రపట్టని వాళ్లకోసం వాన చప్పుడు యాప్ ఉండేది. మన ఊళ్లలో వాన చప్పుడు వినపడితే ఎవడూ నిద్రపోడు, ఆరబెట్టిన మిరపకాయల దగ్గరికి పరుగెత్తుతాడు. వీటన్నిటికీ పెద్ద చలిమంట యాప్. నొక్కితే టీవీ నిండా కట్టెలు మండుతాయి, చిటపటమంటాయి. ఫ్యాను కూడా వేడిగాలి విసిరే గిద్దలూరు మధ్యాహ్నాల్లో కంపెనీవాళ్లు మాకు దీన్ని ఉచితంగా ఇచ్చారు.

నాతోపాటు పనిచేసే మామ ఒకాయన ఉండేవాడు. వరసకు మామ, వయసుకు మా నాయన కన్నా పెద్ద. ఇంటిమీద గొడుగులాంటి పెద్ద డిష్షులు ఉన్న కాలంలో ఈ వృత్తిలోకి వచ్చాడు. టీవీకి ఏ జబ్బు చేసినా ఆయన దగ్గర మందు ఒకటే, మిద్దె ఎక్కడం. యాప్ రాకపోయినా మిద్దె ఎక్కేవాడు. రిమోట్‌లో బ్యాటరీ అయిపోయినా మిద్దె ఎక్కేవాడు. "మామా, ఇప్పుడు పైన ఏమీ లేదు, అంతా కింద తీగలోనే వస్తాంది" అని చెప్పి చూశాను. "తీగ యాడినుంచి వస్తాందిరా అబ్బోడా? పైనుంచే గదా" అన్నాడు. నా చదువు అక్కడితో ఆగిపోయింది.

ఇక అసలు సంగతి.

ఆ ఎండాకాలం రాచర్ల దాటి లోపలికి పోతే వచ్చే ఒక ఊరి నుంచి ఒక పెద్దమ్మ మా దుకాణానికి ఆటోలో వచ్చింది. కొంగు సర్దుకుంటూ నేరుగా అడిగింది. "దీంట్లో మా ఎడ్లు వస్తాయా నాయనా?"

"అన్నీ వస్తాయి పెద్దమ్మా" అన్నాడు మా ఓనరు, ఎడ్లు అనేది ఏ భాష సీరియలో కనుక్కోకుండానే.

అవి నిజం ఎడ్లే. పెద్దమ్మ వాళ్లాయనకు ఒంగోలు గిత్తల జత ఒకటి ఉండేది, బండలాగుడు పోటీల జత. తెలియనివాళ్లు ఎవరైనా చదువుతుంటే చెబుతున్నాను: పెద్ద రాతిబండకు ఎడ్లను కట్టి, ఇచ్చిన గడువులో ఎంత దూరం లాగిస్తే అంత గొప్ప. మైకు దగ్గర ఒకాయన గొంతు చించుకుంటాడు. జనం కండువాలు ఎగరేస్తారు. ఎడ్లు తమ పని తాము చేసుకుపోతాయి, నురగ మనుషుల నోటి నుంచే వస్తుంది.

ఆ పెద్దాయన తుంటి విరిగి మంచం మీద ఉన్నాడు. ఊళ్లో దీనిమీద రెండు కథలున్నాయి. గిత్త కుమ్మిందని ఒకటి, కుమ్మబోతే కొమ్ములు పట్టుకొని నిలేశాడని రెండోది. నిజానికి కొత్తగా కట్టించుకున్న స్నానాలగదిలో నున్నటి టైల్సు మీద సబ్బు అందుకోబోయి జారాడు. ఈ కథకు ఊళ్లో గిరాకీ లేదు.

మనిషి లేవలేని ఇంట్లో పోటీ ఎడ్లను మేపడం కుదిరే పని కాదు. కొడుకు లారీ మీద తిరుగుతాడు. యర్రగొండపాలెం వైపు రైతు ఒకాయన జతను అడిగాడు, పెద్దాయన సరేనన్నాడు. ఒప్పుకున్న ఒక పోటీ మాత్రం మిగిలి ఉంది, గుంటూరు దాటి ఎక్కడో. కొడుకూ అల్లుడూ తోలుకుపోతారు, పోటీ అయ్యాక కొన్న రైతు మైదానం నుంచే జతను బండి ఎక్కించుకుంటాడు. ఇంటికి తిరిగి రావు. డాక్టరేమో మంచం దిగితే మళ్లీ మొదటికొస్తుందని చెప్పాడు. అంటే పెద్దాయన వాటిని చూడగలిగే చివరిసారి ఆ పోటీలోనే, అది కూడా టీవీలోనే.

"ఫోన్లో చూడరాదా పెద్దనాయనా?" అని అడిగాను, మామా నేనూ బాక్సు బిగించడానికి పోయినప్పుడు.

"ఫోన్లో చీమలు కనపడతాండాయి" అన్నాడు. కంట్లో పొర వచ్చిందట. తుంటి అతికాక దాని సంగతి చూస్తామన్నారట. "చీమల్ని చూడాలంటే మంచం కిందనే ఉండాయి. నాకు ఎడ్లు కావాల."

సరే, బాక్సు తగిలించి వెతికాను. ఆ పోటీలను చూపించే యాప్ ఒకే ఒకటి ఉంది. ఫోనులో ఉంది. మా బాక్సులో దాని పేరు కొడితే, "ఇది దొరకలేదు, వీటిని ప్రయత్నించండి" అని మూడు చూపించింది. ఎద్దు బొమ్మతో ఆట ఒకటి, యోగా ఒకటి, చేపలతొట్టి ఒకటి.

"చేపలెందుకు?" అంది పెద్దమ్మ.

"అది అంతే పెద్దమ్మా. మనమేం అడిగినా అది చేపలిస్తాది."

ఫోనులో వచ్చే బొమ్మను టీవీ మీద వేసే దారి ఒకటి ఉంది కదా అని మామ ఫోనులో ఆ యాప్ పెట్టి టీవీకి కలిపాను. మాటలు వచ్చాయి. బొమ్మ రాలేదు. టీవీ నల్లగా, రుబ్బురోలు లోపలిభాగంలా ఉంది. యాప్‌వాళ్లు బొమ్మను ఎవరూ దొంగిలించకుండా తాళం వేశారట. గుంటూరు దాటి ఎక్కడో బండ లాగే ఎడ్లను రాచర్ల అవతల ఒక ముసలాయన మంచం మీదినుంచి దొంగిలిస్తాడని వాళ్లకు బెంగ. వాళ్ల జాగ్రత్తను నేను మెచ్చుకున్నాను.

ఆ యాప్ వాళ్లకు ఫోను చేశాను. చక్కటి గొంతు అమ్మాయి పలికింది.

"మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది సార్."

"అభిప్రాయం కాదమ్మా, ఎడ్లు. టీవీలో ఎడ్లు ఎప్పుడొస్తాయి?"

"త్వరలో అందుబాటులోకి వస్తుంది సార్."

"త్వరలో అంటే ఎప్పుడు?"

"త్వరలోనే సార్."

ఇట్లా కాసేపు మాట్లాడుకొని ఒకరికొకరు ధన్యవాదాలు చెప్పుకున్నాం. ఆ తర్వాత మా ఓనరుకు చేశాను. ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"పాత వీడియోలు బొచ్చెడుంటాయి గదరా! ఏదో ఒకటి పెట్టు. ఎద్దు ఎద్దే గదా. ఆయనకు కండ్లు గూడా సరిగ్గా కనపడవంటివే."

ఫోను స్పీకరులో ఉందని ఓనరుకు చెప్పే అవకాశం ఆయన నాకు ఇవ్వలేదు. మంచం మీదినుంచి పెద్దాయన నిదానంగా జవాబిచ్చాడు.

"రేప్పొద్దున పోయి పక్కోడి దుకాణం షట్టరు ఎత్తి కూసోమను మీ ఓనర్ని. దుకాణం దుకాణమే గదా."

ఓనరు ఫోను పెట్టేశాడు. నేను జీవితంలో మొదటిసారి ఒక కస్టమరును ప్రేమించాను. కానీ పోటీ మరుసటి రోజే, నా చేతిలో ఉన్నది చేపలతొట్టే.

"వస్తాదంటావా, రాదంటావా? నిజం చెప్పు" అన్నాడు పెద్దాయన.

ఇలాంటి చోట పెద్దవాళ్ల జ్ఞాపకాల్లో గుండె ఝల్లుమంటుంది, ఆకాశం మేఘావృతమవుతుంది. నాకు చెమట పట్టింది, అది పొద్దుట్నించీ పడుతూనే ఉంది. "రాదు పెద్దనాయనా. అయినా రేపు మళ్లీ వస్తా, చూద్దాం" అన్నాను.

రాదని తెలిసి ఎందుకు పోయానంటే చెప్పలేను. మామ కూడా వచ్చాడు. ఆయనకు మాత్రం కారణముంది. "ఆ ఇంటి మిద్దె నేను సరింగా చూడలేదురా అబ్బోడా."

పోయేసరికి ఇంట్లో ఊరు ఊరంతా ఉంది. టీవీ ముందు మంచం, మంచం మీద దిండ్లు ఎత్తుపెట్టుకొని పెద్దాయన, చుట్టూ జనం, గడప మీద జనం, కిటికీ చువ్వల్లోంచి జనం. టీవీ ఇంకా నల్లగానే ఉన్నా అందరూ దాన్నే శ్రద్ధగా చూస్తున్నారు. పెద్దమ్మ మజ్జిగ పంచుతోంది. నేను టీవీ పెట్టగానే, ముందురోజు చూపించిన చలిమంట యాప్ తనంతట తాను లేచి భగ్గుమంది.

"ఏందిరా ఇది, కొంప అంటుకున్నట్టు?" అన్నాడు గడప మీదినుంచి ఒకాయన.

"చలి కాగండి చిన్నాయనా, ఉచితమే."

మామ అప్పటికే నిచ్చెన వేసి మిద్దె మీదికి పోయాడు. ఫోను ఆయన జేబులోనే ఉంది. పోటీ యాప్ దానిలోనే ఉంది. అది ముందు జతల దగ్గరే ఎక్కడో ఇరుక్కుపోయి, గుండ్రంగా సున్నా తిప్పుతోంది. పైనుంచి కేక వినపడింది. "ఇప్పుడు వచ్చిందా?"

"రాలా!" అని ఊరు ఊరంతా అరిచింది. సినిమా కోసం యాంటెన్నా తిప్పిన మా చిన్నప్పటి ఆదివారాలు గుర్తొచ్చాయి.

"ఇప్పుడు?"

"మంట వస్తాంది!"

"అయితే దగ్గిర్లోనే ఉంది!" అన్నాడు మామ.

అప్పుడే కొడుకు నుంచి ఫోను వచ్చింది. ఇంకో జత తర్వాత మనదే నాయనా, ఆఖరు జత, అన్నాడు. పెద్దాయన నా వైపు చూశాడు. ఆ చూపు కంటిపొర ఉన్నవాళ్ల చూపులా లేదు. నేను రిమోట్‌ను అటూ ఇటూ తిప్పాను. మేం అంతకంటే ఏం చేయలేనప్పుడు రిమోట్‌ను తిప్పుతాం, మీకూ అలవాటవుతుంది.

మజ్జిగ చెంబు పట్టుకొని నిలబడ్డ పెద్దమ్మ విసుగ్గా అంది. "ఆ యాపు, ఈ యాపు అంటాండారు పొద్దుట్నించి. అల్లుని చేతిలో ఫోను లేదా ఏంది? మనమరాలు పుట్టినప్పుడు ఆస్పత్రి నుంచి చూపియ్యలేదా?"

వీడియో కాలు. అల్లుడు మైదానంలో ఉన్నాడు, అల్లుడి చేతిలో కొత్త ఫోను ఉంది, నా ఫోనును టీవీకి కలపవచ్చు, వీడియో కాలుకు ఏ కంపెనీ తాళమూ లేదు. రెండు రోజులుగా నేనూ, మా ఓనరూ, చక్కటి గొంతు అమ్మాయీ కలిసి ఎడ్లను యాప్‌లోనే వెతుకుతున్నాం. "అదే చేద్దామనుకుంటాండా పెద్దమ్మా" అన్నాను. ఆమె నన్ను చూసిన తీరు ఇక్కడ రాయను.

కలిపాను. టీవీ నిండా వచ్చింది, స్పష్టంగా, రంగుల్లో. అల్లుడి గడ్డం.

ఊరు కేరింతలు కొట్టింది. మిద్దె మీదినుంచి మామ, "నేను చెప్పలా!" అని అరిచాడు.

"అల్లుడూ, నీ గడ్డం చూసినాం, బాగుంది. ఎడ్లు చూపీ" అన్నాడు పెద్దాయన.

"ఆఁ మామా, చూపిస్తాండా, చూపిస్తాండా." ఫోను తిరిగింది. రెండు తెల్లటి వీపులు, నడుమ కాడి, ముందు దుమ్ము. పెద్దాయన మెడ ముందుకు చాచాడు. "పెద్దోడు," అన్నాడు. "ఆ పక్కన చిన్నోడు. చూడు, తోక ఎత్తినాడు, బెదరతాండాడు. వాని వీపు నిమరమను. ఒరే, చిన్నోని వీపు..."

ఈల వినపడింది. ఎడ్లు కదిలాయి.

అల్లుడు కూడా కదిలాడు. ఇక్కడ మా వైపు మనుషుల గురించి ఒక మాట చెప్పాలి. బండ కదిలిందంటే ఎవడూ నిలబడి చూడడు, ఎడ్లతోపాటు పరుగెత్తుతాడు. పరుగెత్తకపోతే అవి లాగవని నమ్మకం. చేతులు కూడా ఊపాలి. ఆ ఊపే చేతిలోనే ఫోను ఉంది. ఆ పోటీలో మేము చూసినవి వరసగా: ఆకాశం, ఎవరిదో మోకాలు, నేల, ఆకాశం, చెరుకురసం బండి, అల్లుడి చెప్పు, మళ్లీ ఆకాశం. చెవులు పగిలేలా అరుపులు.

"ఏమైతాంది? ఎవురన్నా చెప్పండిరా, ఏం కనపడతాంది?"

"ఆకాశం పెద్దనాయనా" అన్నాను. "మబ్బులు లేవు."

"ఎడ్లు?"

"అల్లుడు లాగతాండాడు. గట్టిగానే లాగతాండాడు."

జనం నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. దుప్పటి అంచు రెండు చేతులా పట్టుకొని, చిన్నోని పేరు పిలుస్తూ, టీవీలోని ఆకాశానికేసి చూస్తూ ఉన్నాడు. నేను ఇంకో జోకు సిద్ధం చేసుకున్నాను గానీ బయటికి రాలేదు. నాకు ఇది తరచుగా జరిగే విషయం కాదు.

గడువు ముగిసిన ఈల వినపడింది. అరుపులు తగ్గాయి. ఈసారి ఫోనులో కొడుకు ముఖం వచ్చింది, దుమ్ము కొట్టుకొని.

"నాలుగోది నాయనా."

"బహుమతి ఎందరికి?"

"ముగ్గురికి."

"ఊఁ" అన్నాడు పెద్దాయన.

"బండి వచ్చింది నాయనా. ఎక్కించమంటాండారు వాళ్లు."

పెద్దమ్మ టీవీ దగ్గరికి పోయి, అది ఫోను అయినట్టు దానికి నోరు ఆనించి గట్టిగా చెప్పింది. "అల్లుడూ, పరిగెత్తింది చాలు. ఫోను దాని మొగం దగ్గర పెట్టు. మీ మామ మాట్లాడతాడు."

పెట్టాడు. టీవీ నిండా పెద్దోడు. తడిసిన ముట్టె, ముక్కులో తాడు, ఒక కన్ను, ఆ కంటి చుట్టూ నల్లటి అంచు. గోడంత ముఖం. పెద్దాయన కంటిపొర కూడా ఇక దేన్నీ దాచలేకపోయింది. రోజూ పొద్దున్నే ఉడకబెట్టిన ఉలవలు తన చేత్తో తినిపించేటప్పుడు ఎట్లా పిలిచేవాడో అట్లాగే పిలిచాడు.

"హోయ్... రారా నాయనా. రా."

పెద్దోడి చెవులు ముందుకు వచ్చాయి. అటూ ఇటూ చూశాడు, మాట వస్తున్నది ఈ చిన్న పలకలోంచి అని కనుక్కున్నాడు. ఆ గొంతు ఉన్నచోట ఉలవలు ఉంటాయని వాడికి తెలుసు. టీవీలో ముట్టె దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చింది. గులాబీరంగు నాలుక ఒకటి బయటికొచ్చి, ఆ చివర నుంచి ఈ చివర దాకా టీవీని నాకింది. "ఓ నా కొత్త ఫోను!" అని అల్లుడి గొంతు. ఇంకోసారి నాకింది.

కాల్ కట్ అయింది.

యాప్‌వాళ్ల తప్పు లేదు. నెట్ తప్పు లేదు. నా ఉద్యోగ జీవితంలో, ఎద్దు కట్ చేసిన కాల్ అదొక్కటే. మళ్లీ చేశాను. అల్లుడి ఫోను పలకలేదు. ఆ తర్వాత కూడా అది ఎప్పుడూ పలకలేదని తెలిసింది, లోపలికి జొల్లు పోయిందట.

టీవీలో చలిమంట తిరిగి వచ్చి చిటపటమంటోంది. పెద్దాయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఉక్కగా ఉంది అన్నాడు. ఎదురుగా అంత మంట ఉంది కదా, నేను నమ్మాను. జనం లేచి ఎవరి చెప్పులు వాళ్లు వెతుక్కుంటున్నారు. పరామర్శకు వచ్చినవాళ్లు వెళ్లిపోతున్నట్టుంది.

అప్పుడు మిద్దె మీదినుంచి మైకు గొంతు వినపడింది. "ఇప్పుడు మైదానంలోకి దిగుతున్న జత, ప్రకాశం జిల్లా, రాచర్ల మండలం..."

మామ జేబులోది. మిద్దె చివర, నీళ్లట్యాంకు పక్కన, ఆ ఫోనుకు సిగ్నలు దొరికింది. ఇరుక్కుపోయిన యాప్ మళ్లీ కదిలి, సరిగ్గా మా జత దగ్గర అందుకుంది. లైవ్ అని ఎర్రచుక్క పెట్టి మరీ, అయిపోయిన పోటీని చూపిస్తోంది. జీవితాంతం ప్రతి టీవీకీ మిద్దె ఎక్కిన మనిషికి మిద్దె మీద ఫలితం దొరికిన ఏకైక రోజు అది. తర్వాత ఆయన్ని భరించడం మా వల్ల కాలేదు.

"కిందికి తే మామా!" అని అరిచాను.

నిచ్చెన రెండు మెట్లు దిగాడు. ఆగిపోయింది. మళ్లీ ఎక్కాడు. మాట్లాడింది. "దిగితే పోతాందిరా! మీరే రాండి!"

పెద్దాయన మంచం పట్టె తట్టాడు. "ఎత్తండి."

డాక్టరు మంచం దిగొద్దన్నాడు గానీ, మంచాన్ని కదపొద్దు అనలేదు. తలా ఒక కోడు పట్టుకొని, మంచంతో సహా వాకిట్లోకి తెచ్చి వేపచెట్టు నీడలో దించారు. అంత పెద్ద టీవీని, బాక్సును, చలిమంటను లోపలే వదిలేసి ఊరంతా వాకిట్లో నిలబడి మిద్దెకేసి తల ఎత్తింది. పైన మామ రెండు చేతులతో ఫోనును నెత్తిమీద ఎత్తి పట్టుకొని నిలబడ్డాడు. ఆయన్ని అంతమంది అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు. కదలితే ఒట్టు.

మైకాయన పెద్దాయన పేరు చెప్పాడు, ఆయన నాయన పేరు చెప్పాడు, ఊరి పేరు చెప్పాడు. ఈల. బండ కదిలింది. "లాగుతున్నాయి, లాగుతున్నాయి, ఏం జత అండీ, ఏం అడుగు!" పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. అరచేయి మంచం పట్టె మీద కదులుతోంది, ముందు నిదానంగా, తర్వాత వేగంగా. నాలుగోదని అందరికీ తెలుసు. పావుగంట కిందటే విన్నారు. అయినా గడప మీది చిన్నాయన కండువా ఎగరేసి, "లాగు పెద్దోడా!" అన్నాడు. ఇంకొకరు అందుకున్నారు. నిమిషం తిరిగేసరికి వాకిలంతా అరుస్తోంది, కొందరైతే వేపచెట్టు చుట్టూ పరుగు కూడా మొదలుపెట్టారు.

నేను మంచం పక్కకు వంగి చెప్పాను. "పెద్దనాయనా, ఇది అయిపోయిందే. పాతది."

ఆయన కళ్లు తెరవలేదు. "గమ్మునుండు. ఈసారి గెలుస్తాయేమో."

గెలవలేదు. అదే నాలుగు.

మరుసటి వారం నుంచి మా ఓనరు దుకాణంలో కొత్త మాట మొదలుపెట్టాడు. "అన్నీ వస్తాయన్నా, ఎడ్లు గూడా వస్తాయి. నమ్మకం లేకుంటే రాచర్ల అవతల పోయి అడుగు." బండలాగుడు పిచ్చి ఉన్న ప్రతి ఊరూ బాక్సు కొంది. ప్రతి ఊరికీ నన్ను పంపాడు. నేను ఊరూరా చేపలతొట్టి చూపించి, తిట్లు తిని, ఆ నెల చివర్లో విరమించాను. గడియారం సంగతి చెప్పాను కదా.

దసరా ముందు పెద్దాయన నుంచి ఫోను వచ్చింది. ఆ యాప్ టీవీలోకి వచ్చిందంట, పెట్టిపోతావా అని. నేను రిటైరయ్యాను పెద్దనాయనా అన్నాను. "నేనూ అంతే, రా" అన్నాడు.

పోయాను. ఆయన చేతికర్రతో లేచి తిరుగుతున్నాడు. ఒక కంటి పొర కూడా తీశారు. యాప్ నిజంగానే వచ్చింది. చక్కటి గొంతు అమ్మాయి మాట నిలబెట్టుకుంది. పాత పోటీలన్నీ వరసగా ఉన్నాయి. ఆ పోటీ కూడా దొరికింది. తెరిచి చూస్తే మొదటి మూడు జతల వీడియోలే ఉన్నాయి. బహుమతి రానివాటికి చోటు లేదట. కింద రాసి ఉంది: "మీకు ఇవి కూడా నచ్చవచ్చు." చేపలు.

ఎట్లా చెప్పాలో తెలియక రిమోట్‌ను అటూ ఇటూ తిప్పాను. అలవాటు పోదు.

"లేవు కదా?" అన్నాడు.

"లేవు పెద్దనాయనా."

ఆయన కర్ర అందుకొని, "బండి తెచ్చినావా?" అన్నాడు.

"తెచ్చినా. యాడికి?"

"యర్రగొండపాలెం. ఎడ్లు కొన్న ఆయప్ప ఊరు ఆడనే." కండువా భుజాన వేసుకున్నాడు. "అన్నీ వస్తాయన్యాడు మీ ఓనరు. రానివాటి కాడికి మనమే పోవాల."

పెద్దమ్మ లోపలికి పోయి ఉడికిన ఉలవలు గుడ్డలో మూటగట్టి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. అంటే పొద్దున్నే ఉడకబెట్టి ఉంచింది. అంటే యాప్ కోసం నన్ను పిలవలేదు. ఇంత తెలివిగా నన్ను ఇన్‌స్టలేషన్‌కు మా ఓనరు కూడా ఎప్పుడూ పంపలేదు.

మేము బయల్దేరేటప్పుడు నా మోచెయ్యి రిమోట్‌కు తగిలిందేమో, టీవీలో చలిమంట అంటుకుంది. కట్టేయడానికి ఎవరికీ తీరికలేదు. పొద్దుగూకి మేం ఉలవల వాసనతో, పెద్దోడి జొల్లుతో తడిసిన చొక్కాలతో తిరిగి వచ్చేసరికి కూడా అది అట్లాగే మండుతోంది. మా దుకాణం అమ్మినవాటిలో, ఒక్కసారి కూడా ఆగకుండా పనిచేసింది అదొక్కటే.